మూడు వారములైనది, జాబు లేదు

మా నాన్న ఉత్తరాల్లో "ఉభయకుశలోపరి" తరువాత వచ్చే వాక్యం దాదాపు ఎప్పుడూ ఒకటే: "నీ వద్దనుండి జాబు వచ్చి మూడు వారములైనది." ఒక్కోసారి మూడు బదులు రెండు, ఒక్కోసారి నాలుగు. ఆ అంకె మాత్రం ఎన్నడూ తప్పేది కాదు. ఆయన లెక్కల మాస్టారు. తెనాలి దగ్గర ఒక ఊళ్ళో ముప్పై ఏళ్ళు ఒకే బడిలో పాఠాలు చెప్పారు. నేను వాల్తేరులో హాస్టల్లో ఉండి చరిత్ర ఎం.ఏ. చదివిన రెండేళ్ళూ ఆయన దగ్గరనుంచి నెలకు మూడు ఇన్‌లాండ్ ఉత్తరాలు వచ్చేవి. నేను నెలకు ఒకటి రాసేవాణ్ణి.

1979లో అనుకుంటాను, అలాంటి ఉత్తరం ఒకటి విప్పకుండానే చొక్కా జేబులో పెట్టుకుని విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి వెళ్ళాను. మార్క్స్, ఎంగెల్స్ సమగ్ర రచనల మొదటి సంపుటం కావలసి వచ్చింది. మార్క్స్ డాక్టరేట్ కోసం రాసిన సిద్ధాంత వ్యాసం అందులో ఉంది. దాన్ని వెతుకుతూ పుటలు తిప్పుతుంటే చివరి అనుబంధంలో ఉత్తరాలు కనిపించాయి. కొడుకు కార్ల్ మార్క్స్‌కు తండ్రి హైన్‌రిఖ్ రాసినవి. మొదటిదాని తేదీ 1835 నవంబరు 8. జర్మనీలోని ట్రియర్ పట్టణం నుంచి బాన్‌కు. నువ్వు వెళ్ళి మూడు వారాలు దాటింది, నీ జాడే లేదు, మీ అమ్మ సంగతి నీకు తెలుసు కదా, ఎంత కంగారు పడుతుందో, అని మొదలుపెట్టాడు ఆ తండ్రి.

నేను పుస్తకం బల్లమీద బోర్లించి, జేబులో ఉత్తరం తీసి విప్పాను. "నీ వద్దనుండి జాబు వచ్చి మూడు వారములైనది. మీ అమ్మ రోజూ పోస్టుమాను దారి చూచుచున్నది."

ఆ రోజు సిద్ధాంత వ్యాసం చదవలేదు. దీపాలు వేసేదాకా కూర్చుని హైన్‌రిఖ్ మార్క్స్ ఉత్తరాలన్నీ చదివాను.

అప్పటికి ఆయనకు యాభై ఎనిమిదేళ్ళు. మొజెల్ నది ఒడ్డున ఉన్న ట్రియర్‌లో పేరున్న న్యాయవాది. రబ్బీల, అంటే యూదు మతగురువుల, వంశం వాడు. సొంత అన్నగారే ఒకప్పుడు ఆ ఊరి యూదులకు రబ్బీ. 1815 తరువాత ఆ ప్రాంతం ప్రష్యా పాలనలోకి వచ్చాక యూదుడిగా ఉంటే న్యాయవాద వృత్తి నిలవని పరిస్థితి ఏర్పడింది. అందుకని ప్రొటెస్టెంట్ క్రైస్తవం తీసుకున్నాడు. బతుకుతెరువు కోసం అంత పని చేసిన మనిషి, కొడుకుల్లో అందరికంటే తెలివైనవాడి మీద ఎంత ఆశ పెట్టుకుని ఉంటాడో చెప్పనక్కరలేదు. పదిహేడేళ్ళ కార్ల్ న్యాయశాస్త్రం చదవడానికి బాన్ వెళ్ళాడు. ఆ మరుసటి ఏడాది బెర్లిన్‌కు మారాడు. అప్పటికి ఆ దారిలో రైలు లేదు. ఉత్తరమైనా మనిషైనా గుర్రపు బండిలో రోజుల తరబడి ప్రయాణం చేయాల్సిందే. ఎంత ఆలస్యమైనా అది దారి వల్లనా, కొడుకు బద్ధకం వల్లనా అన్నది తండ్రికి తేలదు. కంగారు పడటానికి అది చాలు.

కొడుకు చివరికి రాశాడు. ఆ రాత తండ్రికి సరిగా అర్థం కాలేదు, అయినా ఎంత సంతోషం కలిగిందో అని జవాబిచ్చాడు. మార్క్స్ దస్తూరి జీవితాంతం అలాగే ఉందని తరువాత తెలిసింది. ఆ ఉత్తరం చివర తల్లి హెన్రియెట్ కొన్ని మాటలు రాసింది. ఆమె పుట్టిల్లు హాలండ్‌లోని నైమేగన్. జర్మన్ ఆమెకు పూర్తిగా పట్టుబడలేదు. కామాలూ ఫుల్‌స్టాపులూ లేకుండా, మాట్లాడినట్టే రాసేది. కాఫీ నువ్వే కాచుకుంటున్నావా? గది తరచుగా కడిగిస్తున్నావా? శుభ్రతను చిన్న విషయం అనుకోవద్దు, ఆరోగ్యమూ ఉల్లాసమూ దానిమీదే ఆధారపడి ఉంటాయి. నువ్వు కూడా వారానికోసారి సబ్బు పెట్టి ఒళ్ళు రుద్దుకో, నాయనా.

మా అమ్మకు ఇన్‌లాండ్ ఉత్తరంలో దక్కేది చివరి మడత. నాన్న మూడు వైపులా నింపేసి, జిగురు పెట్టి అంటించే అంచుకు పైన వేలెడు చోటు వదిలేవారు. అమ్మ అందులో పెన్సిలుతో, దీర్ఘాలు వదిలేస్తూ, ఒత్తులు తారుమారు చేస్తూ రాసేది. "శనివారం శనివారం తలంటుకుంటున్నావా. నువ్వుల నూనె సీసా పంపుతున్నాను. మెస్సులో పెరుగు పుల్లగా ఉంటే తినకు." నాన్న రాసిన రెండు వందల మాటలు మరచిపోయాను. అమ్మ రాసిన ఈ మాటలు ఇప్పటికీ ఆ పెన్సిలు రంగుతో సహా కళ్ళముందు ఉన్నాయి. జిగురు అంటుకుని ఆ అంచు చిరిగితే ఒక మాట పోయేది. అలా ఎన్ని మాటలు చించేశానో.

హైన్‌రిఖ్ ఉత్తరాల్లో డబ్బు ప్రస్తావన ఎక్కువ. ఇందుకు ఆయన్ను పిసినారిగా చూపినవాళ్ళున్నారు. నాకు అలా అనిపించలేదు. 1837 డిసెంబరు 9న రాసిన ఉత్తరం ఉంది. చాలా పొడవైనది, అన్నిటికంటే కోపంగా రాసినది. మేమేదో బంగారంతో చేసినవాళ్ళమైనట్టు, మా కుమారరత్నం ఒక్క ఏడాదిలో దాదాపు 700 టాలర్లు (ఆనాటి జర్మన్ నాణేలు) ఖర్చు పెట్టాడు, మహా ధనవంతుల పిల్లలకైనా 500 కాదు, అంటాడు. నూనె దీపం గుడ్డి వెలుతురులో శాస్త్రాలన్నిటిలోకీ దారీతెన్నూ లేకుండా తిరగడం, దువ్వని జుట్టుతో పండితుల గౌను వేసుకుని తిరగడం, ఇదేనా నువ్వు సాధించింది అని అడుగుతాడు. తమ్ముడు ఎడువార్డ్‌కు జబ్బని నీకు తెలుసు, అమ్మ బాధలో ఉంది, నాకు ఒంట్లో బాగాలేదు, బెర్లిన్‌లో కలరా ఉంది, అయినా నెలల తరబడి ఉత్తరం లేదు, అని నిలదీస్తాడు. కోపమంతా చదువుకుంటూ వస్తే చివరికి తేలేది ఆ కలరా దగ్గరే. ఊళ్ళో కలరా ఉన్నప్పుడు కొడుకు ఉత్తరం రాయకపోతే తండ్రి ఏమనుకుంటాడు?

ఈ ఉత్తరం రాసిన అయిదు రోజులకు ఎడువార్డ్ చనిపోయాడు. పదకొండేళ్ళ పిల్లవాడు.

ఆ కోపానికి కారణమైన కొడుకు ఉత్తరం కూడా ఆ సంపుటంలోనే ఉంది. 1837 నవంబరు 10 నాటిది. తండ్రికి మార్క్స్ రాసినవాటిలో మిగిలింది అదొక్కటే. పుటలకు పుటలు. తత్వశాస్త్రం, చించేసిన కవితలు, తత్వవేత్త హెగెల్‌తో పెనుగులాట, జబ్బుచేసి ఊరిబయట పల్లెలో గడిపిన రోజులు, అన్నీ పోసేశాడు. చివరలో, దస్తూరి బాగాలేనందుకు క్షమించు నాన్నా, నాలుగు కావస్తోంది, కొవ్వొత్తి పూర్తిగా కాలిపోయింది, కళ్ళు మసకలు కమ్ముతున్నాయి, అంటాడు. పంతొమ్మిదేళ్ళ కుర్రవాడు తెల్లవారుజామున కూర్చుని తన మనసంతా తండ్రి ముందు విప్పిపెట్టాడు. తండ్రికి కావలసింది హెగెల్ కాదు. ఒంట్లో ఎలా ఉంది, పరీక్షలెప్పుడు, ఇంటికి ఎప్పుడొస్తావు. ఆ రెండు ఉత్తరాలనూ పక్కపక్కన పెట్టుకుని చదివితే ఇద్దరిమీదా జాలి కలుగుతుంది. ఇద్దరూ నిజమే చెప్పారు.

మా నాన్న మనియార్డరు పంపేవారు. ఆ ఫారం అడుగున ఒక చిన్న ముక్క ఉండేది, డబ్బు అందుకున్నవాడికి పోస్టుమాను చింపి ఇచ్చేవాడు. నాలుగు మాటలు రాసుకోవడానికి చోటు. నాన్న ప్రతిసారీ "పొదుపుగా వాడుకొనుము" అని రాసేవారు. ఒక్కసారి, మా చెల్లెలి పెళ్ళి అప్పులున్న సంవత్సరం, ఆ చోటు ఖాళీగా వచ్చింది. ఆ ఖాళీ చూసి పడిన బాధ ఆ రెండు మాటలు చదివినప్పుడు ఎన్నడూ పడలేదు.

హైన్‌రిఖ్ 1838 ఫిబ్రవరి 10న మళ్ళీ రాశాడు. కొన్నాళ్ళుగా మంచం పట్టి ఉన్నాడు. రోజుకు కొన్ని గంటలు మాత్రం లేచి కూర్చోగలుగుతున్నాడు. కొడుకు డబ్బు విషయంలో ఏమీ చెప్పకుండా రాజకుమారుడి మౌనం పాటిస్తున్నాడని ఒక చురక వేశాడు. న్యాయ సంవత్సరంలో నాలుగో నెలలోనే 280 టాలర్లు తీసుకున్నావు, ఈ చలికాలమంతా నేను అంత సంపాదించలేదు, అన్నాడు. వాదులాడే ఓపిక లేదని తనే చెప్పుకున్నాడు. ఆ తరువాత కొద్దిరోజులకే తల్లి రాసిన ఉత్తరంలో తండ్రి చేతిరాత చివరిసారి కనిపిస్తుంది. ప్రియమైన కార్ల్, పలకరింపుగా ఈ కొద్ది మాటలే పంపుతున్నాను, ఇంకా ఎక్కువ చేయలేను. నీ తండ్రి మార్క్స్. అంతే.

మే 10న చనిపోయాడు. కొడుకుకు ఇరవై ఏళ్ళు నిండి అయిదు రోజులు.

ఈ కథ అక్కడితో అయిపోయిందనుకుని చాలా ఏళ్ళు ఉన్నాను. ఉద్యోగం, పెళ్ళి, హైదరాబాదు కాపురం. 1989లో మా నాన్న పోయారు. ఆ తరువాత కొన్నేళ్ళకు, బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రం గ్రంథాలయంలో వేరే పనిమీద కూర్చున్నప్పుడు, అదే సమగ్ర రచనల్లో చివరి ఏళ్ళ ఉత్తరాల సంపుటం చేతికి దొరికింది. అందులో ఉత్తరం రాని తండ్రి ఎవరో కాదు, ఆ కార్ల్ మార్క్సే.

1881లో పెద్ద కూతురు జెన్నీ భర్తతో, పిల్లలతో లండన్ వదిలి పారిస్ దగ్గరి అర్జాంతేయి వెళ్ళిపోయింది. ఆ ఏప్రిల్‌లో మార్క్స్ ఆమెకు రాసిన మాటలు చదివి నేను పుస్తకం మూసేశాను. వీధిలో మన పిల్లల గొంతుల్లాంటి గొంతులు వినపడితే కిటికీ దగ్గరికి పరిగెడుతున్నాను, వాళ్ళు సముద్రానికి అవతల ఉన్నారన్న సంగతి ఒక్క క్షణం మరచిపోయి, అన్నాడు. పెట్టుబడి గ్రంథం రాసిన మనిషి. మనవడు జానీ అయిదేళ్ళ వాడు, తాతను గుర్రం చేసి ఎక్కేవాడు. మరో మనవడు పుట్టినప్పుడు, ఈ కాలంలో పుట్టిన పిల్లలముందు మనుషులెవరూ ఎరగనంత గొప్ప విప్లవ కాలం ఉంది, ముసలివాడైపోవడమే చేటు, చూడలేక ముందుగా ఊహించుకోవడమే మిగులుతుంది, అని రాశాడు.

ఆ డిసెంబరు 2న భార్య జెన్నీ చనిపోయింది. ఆయన కూడా ఊపిరితిత్తుల జబ్బుతో మంచంలో ఉన్నాడు. లేవలేని స్థితి. అంత్యక్రియలకు వెళ్ళనివ్వలేదు వైద్యులు. వెచ్చని చోటుకు వెళ్ళమన్నారు. 1882 ఫిబ్రవరి 20న ఉత్తర ఆఫ్రికాలోని ఆల్జీర్స్‌లో దిగాడు. అరవై మూడేళ్ళ వయసులో, ఒంటరిగా, ఐరోపా దాటి వెళ్ళింది ఆ ఒక్కసారే. ఆయన వెళ్ళిన ఏడాదే అక్కడ చలి, వాన. గది కిటికీలోంచి సముద్రం బాగా కనిపిస్తుంది, దగ్గు మాత్రం తగ్గదు.

మార్చి 1న స్నేహితుడు ఎంగెల్స్‌కు రాసిన ఉత్తరంలో, పైకి విలపించడం నాకు నచ్చదని నీకు తెలుసు, కానీ నా ఆలోచనలన్నీ నా భార్య జ్ఞాపకాలతోనే నిండి ఉన్నాయని ఒప్పుకోకపోతే అబద్ధమవుతుంది, అన్నాడు. అదే ఉత్తరంలో ఇంకో మాట: లండన్‌లో ఉన్న నా కూతుళ్ళకు చెప్పు, ముసలి నిక్ రాయాలని ఎదురుచూడకుండా ముందు వాళ్ళే ఆయనకు రాయమని. నిక్ అన్నది కూతుళ్ళకు రాసేటప్పుడు తనకు తాను పెట్టుకున్న ముద్దుపేరు.

1835లో ట్రియర్ నుంచి వచ్చిన మాట, 1882లో ఆల్జీర్స్ నుంచి. నలభై ఏడేళ్ళు పట్టింది. అప్పుడు జవాబు రాయని కుర్రవాడు ఇప్పుడు అటువైపు కూర్చున్నాడు. నాకు ఆ క్షణంలో మార్క్స్ కంటే మా నాన్న గుర్తొచ్చారు, పోస్టుమాను సైకిల్ గంట వినపడితే అరుగుమీదనుంచి లేచి నిలబడే నాన్న.

ఏప్రిల్‌లో రెండో కూతురు లారాకు ఆయన రాసిన ఉత్తరంలో ఒక కథ ఉంది. అరబ్బుల కథ అని చెప్పాడు. ఒక తత్వవేత్త పడవ ఎక్కుతాడు. నీకు చరిత్ర తెలుసా అని పడవవాణ్ణి అడుగుతాడు. తెలియదు. అయితే నీ జీవితం సగం వృథా. గణితం తెలుసా? తెలియదు. సగం కంటే ఎక్కువే వృథా. ఇంతలో గాలి లేచి పడవ బోల్తా కొడుతుంది. అయ్యా, మీకు ఈత వచ్చా? రాదు. అయితే మీ జీవితం మొత్తం వృథా. ఈ కథ నాకు మా నాన్న చెప్పారు. అందులో పండితుడు వ్యాకరణమూ తర్కమూ అడిగేవాడు, నది కృష్ణ, పడవవాడికి ఒక పేరు కూడా ఉండేది. నా ఎనిమిదో ఏట పెదపులివర్రు రేవులో పడవకోసం కూర్చున్నప్పుడు చెప్పారు. జబ్బుతో ఉన్న ఒక తండ్రి సముద్రం అవతలనుంచి పెళ్ళయిన కూతురికి చిన్నపిల్లకు చెప్పినట్టు అదే కథ చెప్తుంటే, మధ్యలో ఉన్న దేశాలూ భాషలూ నాకు కనపడలేదు.

ఏప్రిల్ 28న ఎంగెల్స్‌కు మరో కబురు పంపాడు. ఎండ భరించలేక గడ్డమూ జుట్టూ తీయించేశాడట. అయితే కూతుళ్ళ కోసం ముందు ఫోటో తీయించుకుని, ఆ తరువాతే మంగలి ముందు కూర్చున్నాడు. ఆయన ఆఖరి ఫోటో అదే. మనం గోడలమీద, జెండాలమీద చూసే గడ్డాన్ని తీసేసే ముందు ఆయనకు గుర్తొచ్చింది ముగ్గురు ఆడపిల్లలు. ఆ ఫోటోలో కళ్ళు నవ్వుతున్నట్టుంటాయి. లోపల ఎలా ఉందో ఎంగెల్స్‌కు ఒక్కడికే తెలుసు. పిల్లలకు నేను రాసేది నిజమే, కానీ పూర్తి నిజం కాదు, వాళ్ళను భయపెట్టి ఏం లాభం, అని మే నెలలో ఆయనకు రాశాడు.

"స్వల్పముగా ఆయాసము. కంగారు పడవలదు. ఈ సంవత్సరము మినుములు బాగున్నవి." ఇది మా నాన్న 1988 చివర్లో రాసినది. ఆయాసం ఎంతటిదో మినుముల వెనక దాచిపెట్టారు. నేను మినుముల గురించి జవాబు రాశాను.

ఆ తండ్రి దాచినట్టే ఆ కూతురూ దాచింది. జెన్నీకి కాన్సర్. అర్జాంతేయిలో 1882 వేసవి అంతా తండ్రి తన ఇంట్లో ఉన్నా తన నొప్పి బయటపెట్టలేదు. 1883 జనవరి 11న, ముప్పై ఎనిమిదేళ్ళకు చనిపోయింది. ఇంగ్లండులోని వెంట్నర్‌లో ఉన్న తండ్రికి ఆ కబురు చెప్పడానికి చిన్న కూతురు ఎలియనార్ వెళ్ళింది. నాన్నకు మరణశిక్ష మోసుకుపోతున్నట్టు అనిపించిందని తరువాత రాసుకుంది. రెండు నెలలకు, మార్చి 14న, లండన్ ఇంట్లో వాలుకుర్చీలో కూర్చున్నట్టే పోయాడు.

తన తండ్రి హైన్‌రిఖ్ గురించి ఎంత చెప్పినా మార్క్స్‌కు తనివి తీరేది కాదని ఎలియనార్ చెప్పింది. తండ్రి పాత ఫోటో ఒకటి ఎప్పుడూ దగ్గరే ఉంచుకునేవాడట. అసలు మనిషిలా లేదని పరాయివాళ్ళకు చూపించేవాడు కాదు. భార్య ఫోటో, కూతురు జెన్నీ ఫోటో, ఆ తండ్రి ఫోటో, చనిపోయాక జేబులో దొరికాయి. ఎంగెల్స్ వాటిని శవపేటికలో పెట్టాడు.

మా నాన్న చివరి కార్డు నా దగ్గరుంది. 1989 జనవరి ముద్ర. నాలుగు పంక్తులు ఆయనవి, అక్షరాలు కిందికి జారుతూ. "చేయి సహకరించుట లేదు. మిగతా మీ అమ్మ వ్రాయును." మిగతా అమ్మ రాయలేదు. కార్డులో సగం ఖాళీ.

మా అమ్మాయి ఇప్పుడు డబ్లిన్‌లో ఉద్యోగం చేస్తోంది. వారానికోసారి ఫోనులో మాట్లాడుతుంది, బాగానే ఉన్నానంటుంది. నేనూ అదే అంటాను. మొన్న ఆదివారం, మోకాలి నొప్పి సంగతి చెప్పాలా వద్దా అనుకుంటూనే, కాగితం తీసి "చిరంజీవి సౌభాగ్యవతికి ఆశీస్సులు, ఉభయకుశలోపరి" అని మొదలుపెట్టాను. మూడు వైపులా నిండింది. నొప్పి సంగతి కూడా రాశాను, ఎంతుందో అంత. నాలుగో వైపు ఖాళీగా ఉంచి, కాగితమూ కలమూ వంటింట్లోకి తీసుకెళ్ళి వాళ్ళ అమ్మ చేతికిచ్చాను.